కుందేలు కుంటుతోందా? ముందు దాని కింది నేల చూడండి

అనంతపురం: తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే మనిషి కథ జిల్లాలో తెలియని వారుండరు. మొండివాదనకు పుట్టిన సామెత అది. అయితే ఇళ్ళలో బోనుల్లో పెరుగుతున్న కుందేళ్ళు కొన్ని నిజంగానే మూడు కాళ్ళ మీద నడుస్తున్నాయి. నాలుగో కాలు ఉంది గాని నేలకు ఆనించలేవు. ఎత్తి చూస్తే వెనక కాలి మడమ కింద బొచ్చు రాలిపోయి, చర్మం ఎర్రబారి, నడుమ పుండు కనిపిస్తుంది. పశువైద్యులు దీనిని మడమ పుండు అంటారు. వైద్య గ్రంథాల్లో దీని పేరు పోడోడెర్మటైటిస్.

అనంతపురం, హిందూపురం, ధర్మవరం, తాడిపత్రి వంటి పట్టణాల్లో పిల్లల ముచ్చట కోసం తెల్ల కుందేళ్ళను తెచ్చి పెంచడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. మిద్దె మీదో, వసారాలోనో ఒక బోను, అందులో రెండు కుందేళ్ళు, పూటకింత ఆకు. తెచ్చిన నెలరోజులు ఇంటిల్లిపాదీ దాని చుట్టే తిరుగుతారు. తర్వాత బోను కడిగే పని ఒకరి మీద పడుతుంది. ఆ ఒకరు మరచిన రోజున మూత్రం నిలిచిపోతుంది. జబ్బుకు మొదటి మెట్టు అక్కడే.

పల్లెల్లో మాంసం కోసం పెంచేవారిది వేరే కథ. వారికి శుభ్రం మీద శ్రద్ధ ఎక్కువే. అందుకే పెంటికలు, మూత్రం కిందికి రాలిపోయేలా ఇనుప తీగెల జాలీ మీద కుందేళ్ళను ఉంచుతారు. నేల పొడిగా ఉంటుంది నిజమే, కాని ఆ తీగె కాలిని కోస్తుంది. ఒక చోట తడి, మరొక చోట తీగె. దారులు వేరైనా రెండూ చేరేది ఆ మడమ పుండుకే.

మెత్త లేని పాదం

ఈ జబ్బు కుందేటికే ఎందుకు ఇంతగా వస్తుందో అర్థం కావాలంటే దాని పాదం చూడాలి. కుక్క పాదం కింద, పిల్లి పాదం కింద నల్లగానో గులాబీ రంగులోనో మెత్తని దిండ్లవంటివి ఉంటాయి. గొర్రెకు, మేకకు గిట్ట ఉంది. కుందేటికి ఈ రెండూ లేవు. దాని అరికాలికి ఉన్న రక్షణ అంతా దట్టమైన బొచ్చే. ఆ బొచ్చు కింద చర్మం పలుచన, దాని కింద కండ లేదు, వెంటనే ఎముక, నరం.

పైగా కుందేలు కూర్చునే తీరు చూడండి. పరుగెత్తేటప్పుడు వేళ్ళ మీద ఎగురుతుంది గాని, కూర్చున్నప్పుడు వెనక కాలి వేళ్ళ నుంచి మడమ దాకా మొత్తం నేలకు ఆనించి ఒంటి బరువంతా దాని మీదే మోపుతుంది. బోనులో ఉన్న కుందేలు రోజులో ఎక్కువ భాగం కూర్చునే ఉంటుంది. బరువు ఒకేచోట పడుతూ ఉంటే ఆ చోట నెత్తురు ఆడదు. మంచం పట్టిన ముసలివారికి వీపు కింద పుండ్లు పడడం అందరూ చూసిందే. ఇదీ ఆ జాతి పుండే. బొచ్చు అరిగి చర్మం పగిలాక, ఆ పగుల్లోకి చీము పుట్టించే స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు చేరతాయి. అంటే సూక్ష్మజీవి రావడం రెండో అంకం. మొదటి అంకం నేలది. ఈ వరుస తెలియక చాలామంది రెండో అంకానికి మందు వేసి మొదటి దానిని అలాగే వదిలేస్తున్నారు. పుండు మానినట్టే మాని మళ్ళీ వస్తోందంటే కారణం ఇదే.

బరువైన జాతులకు ఈ బాధ ఎక్కువ. వైట్ జెయింట్, న్యూజిలాండ్ వైట్ వంటివి ఎదిగితే నాలుగైదు కిలోల దాకా తూగుతాయి. రెక్స్ అనే జాతికి మఖమల్ వంటి పొట్టి బొచ్చు ఉంటుంది. చూపుకు అందమే గాని ఆ బొచ్చు అరికాలికి చాలదు. ఆ జాతిని కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

చెవులపిల్లికి లేని బాధ

మన చేలల్లో, గుట్టల్లో తిరిగే చెవులపిల్లికి ఈ రోగం ఎందుకు రాదన్న సందేహం కలగవచ్చు. గరప నేల, గులకరాళ్ళు, ముళ్ళకంప, వీటి మధ్యే దాని బతుకు. అయినా దాని మడమ చెడదు. అది ఒకచోట కూర్చోదు. కూర్చున్నా గడ్డి దుబ్బు పక్కన మట్టిని కాస్త గుంట చేసుకుని ఒదిగి ఉంటుంది. మట్టి దాని కాలి ఆకారానికి లొంగుతుంది. సిమెంటు లొంగదు.

అసలు ఈ రెండూ ఒక జాతి కావు. బోనులో పెంచే కుందేలు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల అడవి కుందేలు నుంచి వచ్చింది. అది బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే జీవి, పిల్లలు బొచ్చు లేకుండా కళ్ళు మూసుకుని పుడతాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు, పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. ఈ రెంటికీ సంకరం కుదరదు. వేరుశనగ పీకేటప్పుడు చేలో దొరికిన చెవులపిల్లి పిల్లలను ఇంటికి తెచ్చి పెంచాలనుకోవడం పొరపాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానిని పట్టడం, ఉంచుకోవడం నేరం. అదీగాక అవి బోనులో బెదిరి చస్తాయి గాని బతకడం అరుదు. దొరికిన చోటనే వదిలేస్తే తల్లి చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది.

కుక్కలనే తరిమిన కుందేటిని చూసి ఆ చోట విజయనగరం కట్టారని కథ ఉంది. పెనుకొండ కోట నీడన బతికేవారికి ఆ కథ కొత్తకాదు. అంతటి పేరున్న జీవి చివరకు జాలీ మీద కాలు మోపలేక మూలన ముడుచుకుని ఉండడం చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది.

ఎండకు నీళ్ళు, నీళ్ళకు పుండ్లు

ఈ జిల్లాలో పెంపకందార్లకు మరెక్కడా లేని చిక్కు ఒకటుంది. కుందేలు చలిని ఓర్చుకుంటుంది గాని ఎండను ఓర్వలేదు. దానికి చెమట పట్టదు. ఒంటి వేడిని చెవుల ద్వారా వదులుకోవాలి. 15 నుంచి 25 డిగ్రీల వేడి దానికి హాయి. 30 దాటితే ఆయాసం మొదలు. 35 దాటితే ప్రాణాపాయమే. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. దానితో ఇంటివారు భయపడి బోనులో నీళ్ళు చల్లుతారు, తడి గోనెసంచి పరుస్తారు, కొందరు కుందేటినే నీళ్ళలో ముంచుతారు. ప్రాణం నిలుస్తుందన్న ఆశతో చేసే పనే ఇది. కాని తడిసిన బొచ్చు అరికాలికి అతుక్కుపోయి అట్ట కడుతుంది, మెత్తబడిన చర్మం రెండు మూడు రోజుల్లో ఒలుచుకుపోతుంది. వేసవి నుంచి గట్టెక్కిన కుందేలు జూన్‌లో కుంటడానికి ఇదొక కారణం.

దీనికి తోడు నీటి ఎద్దడి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల ఇది. రెండు ఋతుపవనాల్లో ఏ ఒక్కటీ నిండుగా పలకరించని చోటు. బోరు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే రోజుల్లో కుందేలు బోను రోజూ కడగమంటే ఎవరైనా నవ్వుతారు. కడగకపోతే మూత్రంలోని ఘాటు కాలిని తింటుంది.

కనుక ఇక్కడ పనికివచ్చేది నీళ్ళతో చేసే శుభ్రం కాదు, పొడి శుభ్రం. జిల్లాలో నీటికి కరువు గాని ఎండకు కొదవ లేదు. కుందేటికి నచ్చిన మూల ఒకటుంటుంది. అది చాలా వరకు అక్కడే మూత్రం పోస్తుంది. ఆ మూలను నాలుగు రోజులు గమనించి అక్కడ ఒక వెడల్పాటి రేకు పళ్ళెం పెట్టి అందులో ఎండుగడ్డి వేస్తే మిగతా బోను చాలా మటుకు పొడిగా ఉంటుంది. రోజూ మార్చవలసింది ఆ పళ్ళెంలో గడ్డి ఒక్కటే. చీపురు, పళ్ళెం, గుప్పెడు గడ్డి ఉంటే రోజు పని అయిపోతుంది.

చల్లదనం విషయానికొస్తే, తడపవలసింది బోను పైకప్పు, చుట్టూ కట్టిన గోనెలు మాత్రమే. అడుగు కాదు. కొట్టం నీడన, గాలి ఆడే చోట బోను పెట్టి, మధ్యాహ్నం పైకప్పు మీద ఒక చెంబు నీళ్ళు చల్లితే సరిపోతుంది. తాడిపత్రి నాపరాయి ముక్క ఒకటి బోనులో ఒక పక్కన వేస్తే కుందేలు దాని మీద పొట్ట ఆనించి చల్లగా పడుకుంటుంది. అయితే అడుగంతా నాపరాయి పరిచేయరాదు. రాయి చల్లనిదే గాని గట్టిది. మధ్యాహ్నం పూట పడుకునేందుకు రాయి, మిగతా వేళ కూర్చునేందుకు మెత్తని చోటు, రెండూ ఉంటే కుందేలే తనకు కావలసింది ఎంచుకుంటుంది.

పలకలు రెండు ఉంచుకోండి

తీగె జాలీ బోను ఉన్నవారు దానిని పారేయనక్కరలేదు. బోను అడుగులో సగం మేర ఒక చెక్క పలక వేస్తే చాలు. కుందేలు కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత వెడల్పు ఉండాలి. పలక అంచులు, మేకులు బయటకు పొడుచుకు రాకూడదు. చెక్క మూత్రం పీలుస్తుంది కనుక పలకలు రెండు ఉండాలి. ఒకటి బోనులో ఉంటే రెండోది ఎండలో ఎండుతుంటుంది. పొద్దున్నే మార్చుకోవడమే. ఈ ఎండకు తడి పలక సాయంత్రానికి కొయ్యలా ఎండిపోతుంది. పలక మీద గుప్పెడు గడ్డి వేస్తే ఇంకా మంచిది.

జాలీ తీగె సన్నగా ఉన్నా, తుప్పు పట్టినా, కన్నాలు పెద్దవైనా వెంటనే మార్చాలి. కన్నంలో వేలు ఇరుక్కుంటే గోరు ఊడుతుంది, ఒక్కోసారి వేలే విరుగుతుంది.

పరుపుగా ఏ గడ్డి వాడాలన్నది మరో ప్రశ్న. కొర్రగడ్డి, వరిగడ్డి, ఎండిన గరిక మెత్తగా ఉంటాయి. జొన్న చొప్ప దంట్లు గుచ్చుకుంటాయి, తరిగి వేసినా ఈ పనికి అంత మంచివి కావు. మిల్లుల దగ్గర వేరుశనగ పొట్టు చవకగా దొరుకుతుంది, కోళ్ళ షెడ్లలో దానిని పరుస్తారు. కుందేటికి వేయాలంటే మాత్రం జాగ్రత్త అవసరం. అందులో దుమ్ము ఎక్కువ, పెచ్చు అంచులు గరుకు. పైగా కుందేలు పరుపును తినే జీవి. తేమ తగిలి బూజు పట్టిన పొట్టులో, కట్టెలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముక్కిపోయిన వాసన వచ్చినా, నల్లటి, పచ్చటి బూజు కనిపించినా గాడిపాటుకు చేర్చకూడదు, పరుపుకూ వాడకూడదు. గోనెసంచి పరచడం కూడా మంచిది కాదు. తడి విడవదు, కుందేలు దాని పోగులు కొరికి మింగితే పేగులో చుట్టుకుంటాయి.

మూడు కాళ్ళయ్యే దాకా ఆగరాదు

కుందేలు నొప్పిని బయటపెట్టే జీవి కాదు. వేటాడే జంతువుల కంటపడకుండా బతికిన జాతి కనుక దాచుకోవడమే దానికి తెలుసు. కుంటడం మొదలయ్యే సరికి జబ్బు చాలా దూరం వెళ్ళి ఉంటుంది. అంతకు ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఒక కాలి మీద బరువు వేస్తూ మరో కాలికి మారుస్తుంటుంది. ముందుకు ఒరిగి ముంగాళ్ళ మీద ఎక్కువ బరువు వేసి కూర్చుంటుంది. పిలిస్తే గంతు వేసే కుందేలు నెమ్మదిగా జరుగుతుంది. మేత తగ్గుతుంది. పళ్ళు కొరుకుతూ ముడుచుకుని ఉంటే నొప్పి బాగా ఉన్నట్టే.

వారానికొకసారి అరికాళ్ళు చూడడం అలవాటు చేసుకోవాలి. గొర్రెల కాపరి సాయంకాలం మంద దొడ్డికి చేరగానే కుంటుతున్న గొర్రెను పట్టి గిట్ట సందు చూస్తాడు. ఆ కన్ను కుందేలు పెంచేవారికీ కావాలి. అయితే కుందేటిని చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ము కింద, మరో చేయి పిరుదుల కింద వేసి ఛాతీకి ఆనించుకోవాలి. వెనక కాళ్ళు గాలిలో వదిలితే అది గట్టిగా తన్నుకుంటుంది. ఆ తన్నుకు దాని వెన్నెముకే విరగవచ్చు. ఒకరు పట్టుకుంటే మరొకరు చూడడం మేలు.

మడమ కింద చిన్న పాటి బోడి చోటు, పొడిగా, లేత రంగులో, చుట్టూ బొచ్చు కప్పి ఉంటే భయపడనక్కరలేదు. చాలా కుందేళ్ళకు అది మామూలే. ఆ చోటు ఎర్రబారినా, వాచినా, వేడిగా తగిలినా జబ్బు మొదలైనట్టు. పెచ్చు కట్టినా, పగిలినా రెండో దశ. చీము చేరి కాలు ఉబ్బితే అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. ఇంకా ముదిరితే చీము ఎముకకు, నరానికి పాకుతుంది. అప్పుడు వైద్యుడు చేయగలిగింది కూడా కొంచెమే.

ఇది గాలికుంటు వంటి రోగం కాదు. మంద మంతటికీ గాలిన పడి పాకదు. కాని ఒకే మురికి నేల మీద, ఒకే తుప్పు జాలీ మీద ఉన్న కుందేళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి కుంటడం కద్దు. అలా జరిగితే అది నేల చెబుతున్న సాక్ష్యం.

మందు ఏది? ముప్పు ఏది?

ఎర్రబారిన దశలోనే పట్టుకుంటే నేల మార్చడం, పొడిగా ఉంచడంతోనే చాలా మటుకు తగ్గుతుంది. పెచ్చో పగులో ఉంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచాలు కలిపి, శుభ్రమైన దూదితో మెల్లగా అద్దాలి. పోవిడోన్ అయొడిన్ ద్రావకాన్ని పలుచని టీ రంగు వచ్చేదాకా నీటితో కలిపి వాడినా సరే. పెచ్చును గిల్లి తీయరాదు. చుట్టూ ఉన్న బొచ్చు కత్తిరించరాదు, మిగిలిన రక్షణ అదొక్కటే. కడిగాక మెత్తని గుడ్డతో ఒత్తి పూర్తిగా ఆరబెట్టాలి. తడి కాలితో తిరిగి బోనులో దింపితే చేసిన పని వృథా.

కట్టు కట్టాలా వద్దా అన్నది వైద్యుడు చెప్పాలి. కట్టు బిగుతైతే వేళ్ళు వాస్తాయి, తడిస్తే లోపల పుండు కుళ్ళుతుంది. రోజూ విప్పి చూడలేనివారు కట్టు జోలికి పోకపోవడమే మంచిది.

అసలు ప్రమాదం మందుల షాపులో ఉంది. ఇంట్లో పిల్లలకు దగ్గొస్తే వాడిన ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మిగిలి ఉంటే అదే నీటిలో కలిపి కుందేటికి పోసేవారున్నారు. అది పుండును మాన్పకపోగా ప్రాణం తీస్తుంది. కుందేలు తిన్న గడ్డి జీర్ణం కావడం దాని పేగులోని మేలుచేసే సూక్ష్మజీవుల మీద ఆధారపడి ఉంది. నోటి ద్వారా ఇచ్చిన పెన్సిలిన్ జాతి మందులు, లింకోమైసిన్, క్లిండమైసిన్ వంటివి ఆ మంచి సూక్ష్మజీవులను చంపి, విషం పుట్టించేవాటికి చోటిస్తాయి. విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో జీవి పోతుంది. కుందేటికి పనికివచ్చే యాంటీబయాటిక్ మందులు వేరే ఉన్నాయి. ఏది, ఎంత అన్నది బరువు తూచి పశువైద్యుడే నిర్ణయించాలి. నొప్పి బిళ్ళల సంగతీ అంతే. గజ్జికీ తామరకూ అమ్మే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వాటిని కుందేటి పుండుకు రాస్తే మానడం ఆలస్యమవుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

గొర్రె గిట్టల కుళ్ళుకు మైలుతుత్తం నీళ్ళలో కాళ్ళు ముంచి నడిపించడం కాపరులకు తెలిసిన వైద్యం. గొర్రెకు అది మంచిదే. కుందేటికి ఆ వైద్యం చేయరాదు. కుందేలు నిమిషానికోసారి కాలు నాకుతుంది. మైలుతుత్తం కడుపులోకి పోతే విషం. కిరసనాయిలు, పొగాకు రసం, సున్నం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చీము సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనిషి కురుపు పగిలితే చీము కారిపోతుంది. కుందేటి చీము గట్టి మీగడలా, ముద్దలా ఉంటుంది. పిండినా రాదు. పిండితే లోపలికే పోతుంది. దానిని వైద్యుడు కోసి, తోడి, కడగాలి. ఇందుకు పశువుల ఆస్పత్రికే వెళ్ళాలి. 2022లో రాష్ట్రంలో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. ఎద్దులకు, గొర్రెలకు అలవాటుపడిన వైద్యుడికి కుందేలు అరుదుగా వచ్చే రోగి కనుక, తీసుకెళ్ళేవారు దాని బరువు, మేత, బోను అడుగు ఎలా ఉందో, ఇంతకు ముందు ఏ మందు వేశారో దాచకుండా చెప్పడం అవసరం.

ఒక్క విషయంలో మాత్రం తెల్లవారే దాకా ఆగరాదు. నొప్పితో కుందేలు పన్నెండు గంటలపాటు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగు ఆగిపోయినట్టే. పుండు కంటే ముందు అది చంపుతుంది.

తిండీ గోళ్ళూ

ముద్దుగా ఉందని బిస్కట్లు, అన్నం, రొట్టె పెట్టి కుందేటిని లావు చేయడం మరో కారణం. లావెక్కిన కొద్దీ మడమ మీద బరువు పెరుగుతుంది, కదలిక తగ్గుతుంది. దాని ఆహారంలో ముప్పాతిక పైగా గడ్డే ఉండాలి. లూసర్న్, వేరుశనగ కట్టె బలమైనవే గాని ఎదిగిన కుందేటికి అవే ప్రధానంగా పెడితే కొవ్వు పడుతుంది. సుబాబుల్ ఆకు సులభంగా దొరుకుతుంది, కాని ఎక్కువ పెడితే అందులోని మైమోసిన్ వల్ల బొచ్చు రాలుతుంది. అరికాలి బొచ్చే ఆధారమైన జీవికి ఆ మేత అతిగా పెట్టడం ఎంత తెలివో ఆలోచించుకోవచ్చు.

గోళ్ళు పెరిగితే వేళ్ళు పైకి లేచి బరువంతా వెనక్కి, మడమ మీదికి పోతుంది. నెలకో, నెలన్నరకో ఒకసారి కత్తిరించాలి. తెల్ల గోటిలో ఎర్రటి నెత్తురు గీత కనిపిస్తుంది, దానికి దూరంగా కొసను మాత్రం తీయాలి. గోరు నల్లగా ఉంటే వెనక టార్చిలైటు వేసి చూస్తే ఆ గీత తెలుస్తుంది. రోజూ గంటో రెండు గంటలో కుక్కలు, పిల్లులు రాని చోట మట్టి నేల మీద వదిలితే గోళ్ళు కొంత అరుగుతాయి, కాలికి నెత్తురు ఆడుతుంది.

మానే పుండుకు వారాలు పడుతుంది, ముదిరినదానికి నెలలు. ఎరుపు తగ్గి, వాపు దిగి, చర్మం పొడిబారి, అంచుల నుంచి సన్నని బొచ్చు మొలవడం మానుతున్నదానికి గుర్తు. నడిమి చోట బొచ్చు తిరిగి రాకుండా బోడిగానే మిగిలిపోయే కుందేళ్ళూ ఉన్నాయి. అటువంటివాటికి పలక, గడ్డి బతికినంత కాలం తీయకూడదు.